ఎర్ర చుక్క తినే కరెంటు: మాచ్‌ఖండ్ నుంచి మన సెట్‌టాప్ బాక్స్ దాకా

ఈ ఎపిసోడ్ మా ఇంట్లో ఒక రాత్రి పదకొండు గంటలకి మొదలైంది. సంక్రాంతికి ఊరెళ్లాను. మాది రాజాం పక్కన ఒక పల్లె. 2022 దాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరం జిల్లా. ఇల్లు కదల్లేదు, జిల్లా మారింది.

అందరూ పడుకున్నారు. చలికాలం కాబట్టి ఫ్యాన్లు లేవు, లైట్లన్నీ ఆపేశాం. హాల్లో కూర్చుంటే చీకట్లో చుక్కలు కనపడ్డాయి. టీవీకి ఎర్ర చుక్క, సెట్‌టాప్ బాక్స్‌కి ఒకటి, నాన్న ఎప్పుడో కొన్న హోమ్ థియేటర్‌కి నీలం చుక్క, స్టెబిలైజర్‌కి ఇంకోటి, వైఫై రూటర్‌కి మిణుకు మిణుకుమనే నాలుగు. వరండాలోకి వెళ్లి కరెంటు మీటరు చూశాను. ఫ్రిజ్ ఆగి ఉన్న టైంలో కూడా మీటరు మీద చిన్న లైటు దాదాపు నిమిషానికోసారి మెరుస్తోంది. అంటే ఇల్లు నిద్రపోతోంది గానీ మీటరు నిద్రపోవట్లేదు.

పొద్దున్న మా మామ్మకి చెప్తే నవ్వేసింది. "ఆపేసిన టీవీ కరెంటు ఎలా తింటాదిరా?" అంది. సరైన ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే కాస్త చరిత్రలోకి వెళ్లాలి.

మామ్మ టీవీ అంటే తన కాలంలో చూసిన టీవీ గురించి అనుకుంటోంది. ఆ టీవీకి గుండ్రటి మీట ఉండేది. "టక్" మని తిప్పితే లోపల నిజంగానే తీగ తెగినట్టు. కరెంటు సున్నా. తర్వాత రిమోట్ వచ్చింది. మంచం మీద నుంచి బటన్ నొక్కితే టీవీ వెలగాలంటే, ఆ సిగ్నల్ కోసం టీవీలో ఏదో ఒక భాగం రోజంతా మెలకువగా ఉండాలి. దాన్నే స్టాండ్‌బై అంటాం. గుమ్మం దగ్గర వాచ్‌మన్‌ని కూర్చోబెట్టినట్టు. పని లేకపోయినా జీతం ఇవ్వాల్సిందే.

ఈ జీతం ఎంతో లెక్క కట్టిన వాళ్లలో ముఖ్యుడు అలన్ మైయర్, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ నేషనల్ ల్యాబ్ శాస్త్రవేత్త. 1990ల్లో ఆయన దీన్ని కారిపోతున్న కరెంటు అన్నాడు, కుళాయి కారినట్టు. ఏ వస్తువైనా స్టాండ్‌బైలో 1 వాట్ దాటకూడదని 1998లో ప్రతిపాదించాడు. మర్నాటి ఏడాది అంతర్జాతీయ ఇంధన సంస్థ దాన్ని తలకెత్తుకుంది. 2001లో అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్, ప్రభుత్వ ఆఫీసులు కొనే పరికరాలకి 1 వాట్ లక్ష్యంగా పెడుతూ ఉత్తర్వు ఇచ్చాడు. ఐరోపా యూనియన్ 2010 నుంచి 1 వాట్, 2013 నుంచి అర వాట్ అని చాలా వస్తువులకి చట్టమే చేసింది. ఫలితం మన ఇంట్లోనూ ఉంది. మా కొత్త టీవీ స్టాండ్‌బైలో అర వాట్ కూడా దాటలేదు. కంపెనీలు ఐరోపాకి ఒక రకం, మనకి ఇంకో రకం సర్క్యూట్ తయారు చేసుకుంటూ కూర్చోవు కదా.

మరి మీటరు ఎందుకు మెరుస్తోంది? ప్లగ్గుకీ వస్తువుకీ మధ్యలో పెట్టే చిన్న మీటరు నా దగ్గర ఉంది. రెండు రోజులు ఇల్లంతా కొలిచాను. అమ్మ "పండగ పూట ఇదేం పనిరా" అంటూనే ఉంది.

ముందు మొబైల్ చార్జర్. ఫోన్ తీసేశాక చార్జర్ ప్లగ్గులో ఉంచితే కరెంటు వృథా అని మనందరం విన్నాం. పాత రోజుల బరువైన అడాప్టర్ల విషయంలో అది నిజమే. వాటిలో ఇనప ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది, ఊరికే వేడెక్కేది. ఇప్పటి చార్జర్ వేరే పద్ధతిలో పనిచేస్తుంది. నా మీటరు మీద సున్నా చూపించింది. సున్నా కాదు గానీ, మీటరుకి అందనంత తక్కువ.

అసలు దొంగ సెట్‌టాప్ బాక్స్. టీవీ నడుస్తున్నప్పుడు 9 వాట్లు. రిమోట్‌తో ఆపేశాక 8 వాట్లు. మీరు విన్నది కరెక్టే, తగ్గింది ఒక్క వాటే. చుక్క రంగు మారింది తప్ప డబ్బా పడుకోలేదు. మా ఇంట్లో టీవీ రోజుకి అయిదు గంటలు నడుస్తుంది. మిగతా 19 గంటలు ఎవరూ చూడని డబ్బా 152 వాట్ అవర్లు తింటోంది. ఎప్పుడూ వాడని హోమ్ థియేటర్ 5 వాట్ల చొప్పున రోజుకి 120. పాత స్టెబిలైజర్ 4 వాట్లతో 96. అందరూ పడుకున్న ఏడు గంటల్లో రూటర్ 42. మొత్తం 410. ఏడాదికి దాదాపు 150 యూనిట్లు.

ఇక్కడే నాకు 2014 గుర్తొచ్చింది. నేను ఇంటర్ చదువుతున్నాను. అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను కొట్టింది. స్తంభాలు పడిపోయి మా ఊరు రోజుల తరబడి చీకట్లో ఉంది. సరిగ్గా ఆ నెలల్లోనే రాష్ట్రంలో ఎల్ఈడీ బల్బుల పంపిణీ మొదలైంది. మొదట నాలుగే జిల్లాలు: గుంటూరు, అనంతపురం, పశ్చిమ గోదావరి, శ్రీకాకుళం. పాత 60 వాట్ల బల్బు ఇస్తే 7 వాట్ల ఎల్ఈడీ. ఒక్కోటి 10 రూపాయలు, ఇంటికి రెండు. దేశమంతటికీ ఆ పథకం 2015 జనవరిలో వచ్చింది. అంటే మన శ్రీకాకుళం ఆ పని దేశం కంటే ముందు చేసింది. ఈ మాట మనం ఎక్కడా గొప్పగా చెప్పుకోం.

ఇప్పుడు లెక్క చూడండి. 60 వాట్ల చోట 7 వాట్లు, రోజుకి అయిదు గంటలు. ఒక బల్బు మీద ఆదా 265 వాట్ అవర్లు. తర్వాత కేబుల్ టీవీ డిజిటల్ అయింది. పల్లెలకి ఆఖరి గడువు 2017 మార్చి 31. ఆ తర్వాత డబ్బా లేకపోతే బొమ్మ రాదు. ప్రతి ఇంటికీ సెట్‌టాప్ బాక్స్ వచ్చేసింది. మా ఇంట్లో అయితే, ఒక ఎల్ఈడీ బల్బు మిగిల్చిన దాంట్లో సగానికి పైగా ఈ డబ్బా ఖాళీగా కూర్చుని తినేస్తోంది. బల్బు మార్పు అందరికీ కనపడింది, పేపర్లో వచ్చింది. డబ్బా తిండి ఎవరికీ కనపడలేదు. అది వెలుతురు ఇవ్వదు, చప్పుడు చెయ్యదు.

"అయితే ఎంత డబ్బు పోతోంది?" అని నాన్న అడిగారు. నిజం చెప్పాలి. 126 యూనిట్లు దాటిన శ్లాబులో యూనిట్ 6 రూపాయలు అనుకుంటే ఏడాదికి 900. నెలకి 75. నాన్న "ఓస్, అంతేనా" అన్నారు. ఒక్క ఇంటి లెక్కలో అంతే. దాన్ని పెద్దది చేసి చూపించి మిమ్మల్ని భయపెట్టను.

కానీ ఆ కరెంటు ఎక్కడో పుట్టాలి కదా. మన ఉత్తరాంధ్రకి పెద్ద ఎత్తున కరెంటు తెచ్చిన తొలి కేంద్రాల్లో మాచ్‌ఖండ్ ఒకటి. ఒడిశా సరిహద్దులో, డుడుమ జలపాతం దగ్గర, 1955లో మొదలైంది. ఆరు యంత్రాలు, మొత్తం 120 మెగావాట్లు. మొదటి మూడు యంత్రాలు ఒక్కోటి 17 మెగావాట్లు. దాని కోసం కట్టిన జలాపుట్ రిజర్వాయరు ముంపులో వేల కుటుంబాలు ఊళ్లు వదిలాయి. వాళ్లలో ఎక్కువ మంది గిరిజనులు, దళితులు. మన ఇంట్లో స్విచ్ వెయ్యడానికి వాళ్లు పొయ్యి ఆర్పుకుని వెళ్లారు.

మా ఇంటి 410ని 24 గంటలకి పంచితే ఎప్పుడూ 17 వాట్లు కాలుతున్నట్టు. అలాంటి ఇళ్లు పది లక్షలుంటే? 17 మెగావాట్లు. మాచ్‌ఖండ్ పాత యంత్రం ఒకటి పగలూ రాత్రీ ఆగకుండా తిరగాలి. దేనికి? చుక్కల కోసం. అన్ని ఇళ్లూ మా ఇల్లులా ఉండవు, నిజమే. సగం ఇళ్లే అనుకోండి. అప్పటికీ సగం యంత్రం.

ఇంకో రెండు తేదీలు చెప్పి ముగింపుకి వస్తాను. 2010 జూలై 14, సోంపేట. 2011 ఫిబ్రవరి 28, కాకరాపల్లి. రెండు చోట్లా ప్రతిపాదన 2640 మెగావాట్ల థర్మల్ కేంద్రం. రెండు చోట్లా బీల భూములు, తంపర భూములు నమ్ముకున్న రైతులు, మత్స్యకారులు అడ్డుపడ్డారు. రెండు చోట్లా పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. నేను అప్పుడు హైస్కూల్లో ఉన్నాను. పెద్దవాళ్లు టీవీ ముందు నిలబడి మాట్లాడకుండా చూడటం గుర్తుంది.

స్టాండ్‌బై ఆపితే ఆ ప్లాంట్లు అక్కర్లేకుండా పోయేవి అని నేను అనట్లేదు. 17 ఎక్కడ, 2640 ఎక్కడ. అలా అంటే అది అబద్ధం. నేను అనేది ఒకటే. కరెంటు ఎక్కడ పుట్టాలి అన్న ప్రశ్నకి మన జిల్లా మనుషులు ప్రాణాలతో జవాబు చెప్పారు. అలాంటి జిల్లాలో పుట్టి, ఎవరూ వాడని కరెంటుని "నెలకి 75 రూపాయలే కదా" అనడానికి నాకు నోరు రాలేదు.

చెయ్యాల్సింది చాలా చిన్న పని. అమెరికా ఇళ్లలో చాలావరకు గోడ ప్లగ్గుకి స్విచ్ ఉండదు. అందుకే అక్కడ వస్తువునే మార్చమని పోరాడాల్సి వచ్చింది. మనకి ప్రతి ప్లగ్గు పక్కనా స్విచ్ ఉంది. కాకపోతే టీవీ స్విచ్ షోకేస్ వెనక ఇరుక్కుని ఉంటుంది, చెయ్యి దూరదు. నేను స్విచ్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఒకటి కొని, టీవీ, డబ్బా రెండూ దానికి పెట్టి, అమ్మ కూర్చునే కుర్చీ పక్కకి లాగాను. హోమ్ థియేటర్, స్టెబిలైజర్ ప్లగ్గులు పీకేశాను. కొత్త టీవీకి ఆ స్టెబిలైజర్ అవసరమే లేదు. ఇన్వర్టర్‌ని ముట్టుకోలేదు. తుఫాన్ల జిల్లాలో అది మెలకువగానే ఉండాలి.

అమ్మకి ఒక కంప్లైంట్ ఉంది. పొద్దున్న డబ్బా లేచి బొమ్మ రావడానికి రెండు నిమిషాలు పడుతోందట. న్యాయమైన కంప్లైంటే. అందుకే పగలు ఉంచేస్తుంది, రాత్రి సీరియల్ అయ్యాక ఆపుతుంది. పూర్తి ఆదా కాదు, అయినా రాజీ పడ్డాం.

మొన్న ఫోన్ చేస్తే మామ్మ చెప్పింది: "రాత్రి నీ చుక్కలు లేవురా, హాలు సీకటిగా ఉంది. తడుముకుని ఎల్లాల్సొచ్చింది." తన కోసం అర వాట్ బెడ్ లైట్ ఒకటి పంపాను. అది మాత్రం రాత్రంతా వెలుగుతుంది. దాన్ని వాడే మనిషి ఉంది.

ఈ రోజు రాత్రి మీ హాల్లో లైటు ఆపి చుక్కలు లెక్కపెట్టండి. ఎన్నున్నాయో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.