శ్రీకూర్మం

శ్రీకూర్మం శ్రీకాకుళం జిల్లా, గార మండలానికి చెందిన ఒక గ్రామము, ప్రసిద్ధ వైష్ణవ పుణ్యక్షేత్రము. మహావిష్ణువు దశావతారాలలో రెండవదైన కూర్మావతారమును మూలవిరాట్టుగా పూజించే ఆలయాలు దేశములో అరుదు. వాటిలో ఇది మిక్కిలి ప్రసిద్ధమైనది. ఉత్తరాన వంశధార, దక్షిణాన నాగావళి సముద్రములో కలుస్తుండగా, ఆ రెండు నదీముఖాల నడుమనున్న తీరభూమిలో ఈ క్షేత్రము వెలసినది. ప్రాచీన కళింగ దేశపు ఓడరేవులు ఈ పరిసరాలలోనే ఉండేవి.

స్థల పురాణము

దేవదానవులు పాలసముద్రమును చిలికినపుడు మునిగిపోతున్న మందర పర్వతమును మోయుటకు విష్ణువు తాబేలు రూపము ధరించెనని పురాణ కథనము. శ్వేతరాజు అనే ప్రభువు నారదుని ద్వారా కూర్మ మంత్రోపదేశము పొంది తపస్సు చేయగా, స్వామి కూర్మరూపములో ఇక్కడ సాక్షాత్కరించాడని స్థల పురాణము చెబుతున్నది. ఆలయము చెంతనున్న కోనేరును శ్వేతపుష్కరిణి అంటారు. రామానుజాచార్యులు పూరీ నుండి ఇక్కడకు చేరినట్లు వైష్ణవ గురుపరంపర కథలలో ఉన్నది.

చరిత్ర

ఆలయములో వందకు పైగా శాసనాలు ఉన్నాయి. ఇవి తెలుగు, సంస్కృత భాషలలోను, కొన్ని ఒడియా భాషలోను ఉన్నాయి. తూర్పు గాంగుల కాలపు చరిత్రకు, తెలుగు భాషా పరిణామ అధ్యయనానికి ఇవి ముఖ్యమైన ఆధారాలు. మధ్వాచార్యుల శిష్యుడైన నరహరి తీర్థులు 13వ శతాబ్దములో కళింగ రాజ్య వ్యవహారాలను నిర్వహించారు. శ్రీకూర్మనాథుని ఎదుట యోగానంద నరసింహుని ఆలయము నిర్మించినట్లు క్రీ.శ. 1281 నాటి శాసనము తెలుపుతున్నది. శబరుల దాడుల నుండి ఆయన ఈ క్షేత్రమును కాపాడారని కూడా అందులో ఉన్నది.

ఆలయ విశేషాలు

* ఇక్కడి స్వామి పశ్చిమాభిముఖుడు. తూర్పున ఒకటి, పడమట ఒకటి చొప్పున రెండు ధ్వజస్తంభాలు ఉండుట ఈ ఆలయము ప్రత్యేకత.
* ప్రదక్షిణ మండపములోని రాతి స్తంభాలలో ఒకదానిని పోలి మరొకటి ఉండదని చెబుతారు.
* మండపము గోడల మీద పురాణ గాథల వర్ణచిత్రాలు ఉన్నాయి. కొన్ని చోట్ల ఇవి వెలిసిపోయాయి. సముద్రతీరపు తేమ, ఉప్పుగాలి ఇటువంటి చిత్రాలకు హాని కలిగిస్తాయి.
* పితృకార్యాలకు ఈ క్షేత్రము ప్రసిద్ధి. శ్వేతపుష్కరిణిలో అస్థికలు కలిపితే కాశీలో కలిపినంత ఫలమని భక్తుల విశ్వాసము.
* ఫాల్గుణ మాసములో జరిగే డోలోత్సవానికి చుట్టుపక్కల గ్రామాల నుండి, ఒడిషా నుండి భక్తులు వస్తారు.

తాబేళ్ళు

ఆలయ ప్రాంగణములో నక్షత్ర తాబేళ్ళను సంరక్షిస్తున్నారు. భక్తులు వీటిని స్వామి ప్రతిరూపాలుగా భావిస్తారు. ఇవి నేల మీద జీవించే, ఆకులు గడ్డి తినే జాతి. వీటిని నీటిలో వదలరాదు. భారత వన్యప్రాణి సంరక్షణ చట్టము (1972) వీటికి రక్షణ కల్పిస్తున్నది కనుక వీటిని పట్టుట, అమ్ముట, ఇంటిలో పెంచుట నేరము. శ్రీకాకుళం జిల్లా తీరములో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు వేరే జాతి. అవి సముద్రములో జీవించి, గుడ్లు పెట్టుటకు మాత్రమే ఇసుక తిన్నెల మీదకు వస్తాయి. రెంటినీ ఒకటిగా భావించుట పొరపాటు.

సముద్రయాన చరిత్ర

క్రీ.శ. 1వ శతాబ్దపు రోమను రచయిత ప్లినీ కళింగులను ప్రస్తావించాడు. 2వ శతాబ్దములో టాలెమీ, సువర్ణభూమికి పోయే ఓడలు తీరమును విడిచి నడిసముద్రములోకి మళ్ళే స్థానమును ఈ తూర్పు తీరములోనే పేర్కొన్నాడు. చరిత్రకారులు దానిని ఉత్తరాంధ్ర, గంజాం తీరాలలో గుర్తించారు. మలయా భాషలో భారతీయులను 'కెలింగ్' అనుట కళింగ శబ్దము నుండి వచ్చినదే. అయితే నేడు ఆ మాటను అక్కడి భారతీయ సంతతివారు అవమానకరముగా భావిస్తారు.

వంశధార సాగరసంగమము వద్దనున్న కళింగపట్నం బ్రిటిషు వారి కాలములో కూడా ఓడరేవుగా ఉండేది. నేడు అక్కడ దీపస్తంభము, సముద్రతీరము సందర్శకులను ఆకర్షిస్తున్నాయి. నదికి దక్షిణపు గట్టునగల శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలు, చైత్యాలు, తారా, మారీచి విగ్రహాలు బయల్పడినవి. ఈ స్థలమును 1919లో గిడుగు రామమూర్తి వెలుగులోకి తెచ్చారు.

తీరములోని నేటి మత్స్యకారుల పరిస్థితి వేరు. పెద్ద పడవలు నిలుపుటకు తగిన రేవులు లేక, ఈ ప్రాంతపు యువకులు అనేకులు గుజరాత్‌లోని వెరావల్ వంటి చోట్లకు వలసపోయి అక్కడి పడవలపై పనిచేస్తున్నారు. 2018 నవంబరులో అటువంటి వారిలో ఉత్తరాంధ్రకు చెందిన 20 మంది పాకిస్తాన్ అధికారులకు చిక్కి, 2020 జనవరిలో విడుదలయ్యారు. వీరిలో పలువురు ఎచ్చెర్ల మండలములోని మత్స్యలేశం గ్రామాలవారు. ఒకనాడు ద్వీపాంతరాలకు ఓడలు పంపిన తీరములో నేడు సముద్రము మీద జీవించేవారు ఇతర రాష్ట్రాల రేవులను ఆశ్రయించవలసి వస్తున్నది.

రవాణా సౌకర్యాలు

ఖద్దరుకు ప్రసిద్ధి చెందిన పొందూరు నుండి వచ్చేవారు రైలులో, దూసి తరువాత వచ్చే శ్రీకాకుళం రోడ్డు (ఆమదాలవలస) స్టేషనులో దిగవలెను. అక్కడి నుండి శ్రీకాకుళం పట్టణము సుమారు 13 కిలోమీటర్లు. పట్టణము నుండి శ్రీకూర్మానికి రోడ్డు మార్గము కలదు. అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయము, శ్రీకూర్మం, కళింగపట్నం, శాలిహుండం ఒకే రోజున చూడవచ్చును. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరముగా గుర్తింపబడిన శ్రీముఖలింగమునకు మరొక రోజు కేటాయించుట మంచిది.