కంటిపాప

తెలుగులో పసిబిడ్డా పాపే, కంటి నడుమ నల్లటి చుక్కా పాపే. ఎదుటి మనిషి కంట్లోకి దగ్గరగా చూస్తే ఆ నలుపు మీద మన రూపం బొమ్మంతై కనిపిస్తుంది. పేరు అక్కడే పుట్టి ఉంటుంది. తమిళంలో పావై అంటే బొమ్మ, కంటిపాప కూడా. సంస్కృతంలో కనీనిక, గ్రీకులో కోరె, లాటిన్‌లో పుపిల్లా. అన్నిటా ఉన్నది ఆడపిల్లే. బిడ్డను ఒళ్ళో పెట్టుకుని చూసిన తల్లులే ఈ మాటలు పుట్టించారని నాకు గట్టిగా అనిపిస్తుంది.

అయితే ‘కంటిపాపలా చూసుకోవడం’ అన్నది ఎప్పుడూ బిడ్డ గురించే. బాలింత కంటిపాప గురించి కాదు. ఆ కంటికీ ఒక ముప్పుంది.

ఒంటిని కాయాల్సిన రోగనిరోధక శక్తి ఒంటి మీదికే తిరగబడే జబ్బుల్లో కంటి నడిమి పొర వాయొచ్చు. అది యువైటిస్. ఎరుపు, నొప్పి, మసక, వెలుతురు చూడలేకపోవడం. పాప చుట్టూ ఉండే రంగుపొర వెనకనున్న కటకానికి అతుక్కుంటే గుండ్రని పాప వంకరపోతుంది. అలా అతుక్కోకుండా ఉండటానికి డాక్టర్లు పాపను విప్పార్చే చుక్కలు వేస్తారు.

బిడ్డలో సగం తండ్రిది. ఆ సగాన్ని కడుపులో నిలుపుకోడానికి తల్లి రోగనిరోధక శక్తి తన తీరు మార్చుకుంటుంది. అందుకే చాలామందికి నాలుగో నెల నుంచి యువైటిస్ నెమ్మదిస్తుంది. కాన్పయ్యాక, మొదటి ఆరు నెలల్లో, తిరగబెడుతుంది. లూపస్ కూడా ఒంటి మీదికే తిరగబడే జబ్బే, కానీ దాని దారి వేరు, గర్భంతో ఉండగానే ఉధృతం కావచ్చు.

మన ఇళ్ళల్లో బాలింతను చదవనివ్వరు, కుట్టనివ్వరు, కళ్ళు నలుగుతాయంటారు. ఆ ప్రేమను నేను తీసిపారేయను. కానీ కన్ను ఎర్రబడితే ఆ ప్రేమే ‘నిద్ర చాలక’ అంటుంది, కళ్ళకలకని కంట్లో చనుబాలు పిండుతుంది. వెలుతురుకు తాళలేక మూతపడే కన్ను కళ్ళకలక కాకపోవచ్చు. ఆలస్యమైతే చూపే పోవచ్చు.

పాలిచ్చే తల్లికి మందులెందుకని మానిపించేవాళ్ళూ ఉన్నారు. స్టెరాయిడ్ చుక్కలు, లూపస్‌కిచ్చే హైడ్రాక్సీక్లోరోక్విన్ గర్భిణులకూ పాలిచ్చే తల్లులకూ డాక్టర్లు ఇస్తారు. ఇలాంటి జబ్బులకే ఇచ్చే మెథోట్రెక్సేట్‌ను మాత్రం గర్భం రాకముందే ఆపిస్తారు. ఏది ఆపాలో, ఏది ఆపకూడదో కంటి డాక్టరూ కాన్పు డాక్టరూ ముందే మాట్లాడుకోవాలి. బిడ్డ టీకా తేదీల పక్కనే తల్లి కంటి పరీక్ష తేదీ కూడా రాయించుకోవాలి.