నిజం ఆలస్యమైతే



మాస్కోలో అచ్చయి, తక్కువ ధరకు మన ఊళ్లకు వచ్చిన తెలుగు పుస్తకాలు మనలో పెద్దవారికి గుర్తుండే ఉంటాయి. వాటిని పంపిన సోవియట్ దేశం 1991లో లేకుండా పోయింది. ఏ శత్రువు సైన్యమూ దాన్ని ఓడించలేదు. మరి ఎలా కూలిపోయిందో ఈ వారం కొంచెం ఆలోచిద్దాం.

1985 మార్చిలో మిఖాయిల్ గోర్బచేవ్ అక్కడి కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి అయ్యాడు. అప్పటికే అంత విశాలమైన దేశం తిండిగింజలు అమెరికా నుండి కొనుక్కుంటోంది. ఆయన రెండు మాటలు ముందుకు తెచ్చాడు. ఒకటి గ్లాస్‌నోస్త్, అంటే దాపరికం లేకుండా మాట్లాడడం. రెండోది పెరెస్త్రోయికా, అంటే పునర్నిర్మాణం.

మొదటి మాటకు వెంటనే పరీక్ష వచ్చింది. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రం పేలింది. రెండు రోజుల తర్వాత, స్వీడన్ దేశంలో రేడియేషన్ బయటపడ్డాకే, టీవీలో చిన్న ప్రకటన చదివారు. మే 1న, అక్కడికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని కీవ్ నగరంలో, ఏమీ జరగనట్టే పిల్లలతో సహా ఊరేగింపు జరిపించారు. గోర్బచేవ్ ప్రజలతో మాట్లాడింది మే 14న. దాపరికం ఎవరి ప్రాణాల మీదికి తెస్తుందో గమనించండి.

ఆ తర్వాత ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. స్టాలిన్ కాలపు హత్యల గురించి పత్రికలు రాశాయి. 1988లో బడుల్లో చరిత్ర పరీక్షలే రద్దు చేశారు. పుస్తకంలో ఉన్నది అబద్ధమని తేలాక పిల్లలను ఏమని అడుగుతారు? 1940లో వేలాదిమంది పోలిష్ అధికారులను కాటిన్ అడవిలోనూ మరికొన్ని చోట్లా చంపింది తమ రహస్య పోలీసులేనని 1990లో ఒప్పుకున్నారు.

విశ్వాసులకు కూడా తలుపు తెరుచుకుంది. బాప్టిస్టు కాపరి గియోర్గి విన్స్ తండ్రి ఖైదీగా ఉండగా చనిపోయాడు. కొడుకూ సువార్త పని కోసం ఏళ్ల తరబడి ఖైదులో ఉండి, 1979లో దేశం నుండి వెళ్లగొట్టబడ్డాడు. అలాంటి దేశంలో 1988లో, క్రైస్తవ్యం వచ్చి వెయ్యేళ్లయిన పండుగ బహిరంగంగా జరిగింది. 1990లో మనస్సాక్షి స్వాతంత్ర్య చట్టం వచ్చింది.

కానీ రెండో మాట, పునర్నిర్మాణం, సగంలో ఆగిపోయింది. 1988 నుండి ఫ్యాక్టరీలకు కొంత స్వేచ్ఛ ఇచ్చారు, జీతాలు పెరిగాయి. ధరలను మాత్రం ప్రభుత్వమే పట్టి ఉంచింది. చేతిలో డబ్బుంది, కొట్లో సరుకు లేదు. మద్యం తగ్గించాలని 1985లో గట్టిగా పూనుకున్నారు. ఉద్దేశం మంచిదే. అయితే ఖజానాకు రాబడి పడిపోయింది, దొంగచాటుగా సారా కాచేవాళ్లు కొనేయడంతో చక్కెరకు కరువొచ్చింది. 1989 జూలైలో సైబీరియా బొగ్గు గనుల కార్మికులు సమ్మెకు దిగినప్పుడు, వారి కోరికల్లో ఒకటి ఒళ్లు కడుక్కోవడానికి సబ్బు. రాకెట్లు ఆకాశంలోకి పంపిన దేశంలో సబ్బు లేదు!

1991 డిసెంబరు 25న గోర్బచేవ్ రాజీనామా చేశాడు. మరుసటి నెలలో రష్యాలో ధరల మీద అదుపు తీసేశారు. ముసలివాళ్లు జీవితమంతా దాచుకున్న సొమ్ము చూస్తుండగానే విలువ లేకుండా పోయింది.

నిజం మాట్లాడనివ్వడం వల్లే ఆ దేశం కూలిందని కొందరంటారు. మనం అలా అనుకోవడం లేదు. దూలాన్ని తిన్నది చెద, దీపం దాన్ని చూపించిందంతే. అయితే దీపం వెలిగించినవారు వెంటనే దూలం కూడా మార్చాలి. అది జరగలేదు. నిజం ఆలస్యమైన కొద్దీ అప్పు పెరిగింది. దాన్ని తీర్చింది దాచిన పెద్దలు కాదు, పేదవారు.

మన ఇంటి అప్పులైనా, సంఘంలోని కానుకల లెక్కలైనా ఇంతే. చిన్నగా ఉన్నప్పుడే నలుగురి ముందు పెడదాం. పెట్టిన రోజునే సరిచేయడం కూడా మొదలుపెడదాం.