పురశబ్దార్థము - చెన్నపట్టణపు నగరపదవి

పురము, నగరము, పత్తనము మున్నగునవి నిఘంటువులయందుఁ బర్యాయములుగాఁ జెప్పఁబడినను వాని వ్యుత్పత్తులు వేఱు. నగశబ్దముమీఁద మత్వర్థమున రప్రత్యయము వచ్చి నగరశబ్ద మేర్పడినది. చెట్లు గాని, కొండలవంటి మేడలు గాని కలది నగరమని వ్యాఖ్యాతలు చెప్పుదురు. ఇది కంటికిఁ గనఁబడు లక్షణము. పుర్ శబ్దమునకు మూలమగు పౄ ధాతువునకు పాలనము, పూరణము అని రెండర్థములు. జనులతోను ధనముతోను నిండుట పూరణము; అట్లు చేరినవారిని గాపాడుట పాలనము. ఒక యూరికి నగరపదవి నొసఁగినంతనే యీ రెండును సిద్ధించునా యను ప్రశ్నమునకుఁ జెన్నపట్టణచరిత్రము ప్రత్యుత్తర మిచ్చుచున్నది.

1639లో దామెర్ల వేంకటాద్రినాయకుని యనుమతి వడసి ఆంగ్లవర్తకులు కట్టిన కోటచుట్టును బెరిగిన యూరు చెన్నపట్టణము. నాయకుని తండ్రి చెన్నప్ప పేరు దానికి వచ్చినది. నేఁతగాండ్రు, దుబాసీలు, బేరులు పలుదిక్కులనుండి వచ్చి చేరఁగా నేఁబదియేండ్లు నిండకమునుపే యది గొప్ప పట్టణ మయ్యెను. ఊరు పెరిగినకొలఁది ప్రాకారమునకు, వీథుల శుభ్రతకు, కావలికి వ్యయమును బెరిగెను. అందులకై గవర్నరులు ఇండ్లపైఁ బన్ను వేయఁజూడఁగా 1686లో జనులు దాని నెదిరించి యంగళ్లు మూసిరి.

అప్పుడు లండనులోఁ గుంఫిణీకి నాయకుఁడైన జోసయా చైల్డు ఒక యుపాయము దలఁచెను. దొరతనమువారు విధించు చిన్నపన్నుకంటెఁ దమవారే తమ మేలునకై విధించు పెద్దపన్నును జనులు సంతోషముతో నిత్తురని యాతని యభిప్రాయము. ఆ తలంపున 1687 డిసెంబరు 30వ తేదీని శాసనము పుట్టెను. 1688 సెప్టెంబరు 29న కార్పొరేషను నెలకొనెను. భారతదేశమున నిట్టిది మొదటిది. నెథానియల్ హిగ్గిన్సను మేయరు, ఆల్డర్మనులు 12గురు. వీరిలో ఆంగ్లేయులతోఁబాటు పోర్చుగీసువారు, యూదులు, ముగ్గురు స్వదేశీయులును గలరు. ఆ ముగ్గురిలో నొకఁడు బేరి తిమ్మన్న తమ్ముఁడగు చిన వేంకటాద్రి.

పదవితోడనే ధర్మములును విధింపఁబడెను. పురమందిరము, చెఱసాల, దేశీయబాలురకు ఆంగ్లభాషయు గణితమును నేర్పు పాఠశాల నిర్మింపవలయును. అందులకై పన్ను వేయవచ్చును. ఎఱ్ఱని యంగీలకును వెండిదండములకును గొఱఁత లేకుండెను. కాని పన్ను మాట వచ్చినంతనే జనులు సమ్మతింపరైరి. చైల్డు తలంపు ఫలింపలేదు. దీనికిఁ గారణ మూహింపవచ్చును. శాసనము రాజముద్రతోఁ గాక కుంఫిణీముద్రతోనే యీఁబడినది. మొదటి సభ్యులను జనులు ఎన్నుకొనలేదు. వారి పేరులు శాసనముననే వ్రాయఁబడినవి. అందుచేఁ బన్ను నడుగువారు తమవారని జనులకుఁ దోఁపలేదు.

1726 నాఁటి శాసనముచే మేయరుసభ ముఖ్యముగా న్యాయస్థాన మయ్యెను. ఇండ్లపన్ను గైకొని వీథులను బాగుచేయించి శుభ్రపఱచి కావలి యుంచుటకు న్యాయాధికారులకుఁ బార్లమెంటు చట్టమువలన నధికారము గలిగినది 1793లో. అప్పటికి కార్పొరేషను నెలకొని 105 ఏండ్లు. రెడ్‌హిల్సు చెఱువునుండి నగరమునకు నీరు వచ్చినది 1872లో. అప్పటికి 184 ఏండ్లు. ఈ నడుమ నూరు నిండుట మాత్ర మాగలేదు.

అయినను ఆ శాసనము నిష్ఫలమని చెప్పరాదు. ఊరి మేలునకు ఊరివారు కూడి యాలోచింపవలయుననియు, నందులకు వ్యయమును దామే భరింపవలయుననియు నది మొదట వ్రాతలోఁ బెట్టినది. అట్టి వ్యవస్థయే పిమ్మట తెలుఁగుసీమకు వచ్చినది. విశాఖపట్టణము 1979లోను, విజయవాడ 1981లోను నగరపదవి నందినవి. తెలుఁగువా రిట్టి సంస్థలకుఁ బురపాలక, నగరపాలక శబ్దములనే వాడుచున్నారు. ధాతువునందలి రెండర్థములలోఁ బాలనమే యిందు నిలిచినది. ఊరి పూరణమును జనసంఖ్య చూపును. పాలనమును జూపునవి నీటికాలువ, మురుగుకాలువ, బడి, వానికై జనులు సమ్మతించి యిచ్చు పన్ను.