పరాయివాడి కంట మన సండూరు కొండలు

సంక్రాంతి సమావేశంలో ఒక పిల్లవాడు నన్ను అడిగాడు: "తాతయ్యా, కృష్ణదేవరాయలు తెలుగువాడా, కన్నడవాడా?" అప్పుడు నవ్వి ఊరుకున్నాను. కూరెకుప్పలో ఉంటూ ఆ ప్రశ్నకు జవాబు చెప్పకపోవడం తప్పనిపించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. కొంచెం పొడవైంది, ఓపిక పట్టండి.

రాయలవారి గురించి రాసిన ఇద్దరు పరాయివాళ్ళున్నారు. ఇద్దరూ పోర్చుగీసువాళ్ళే. డొమింగో పేస్ 1520 ప్రాంతంలో విజయనగరంలో ఉన్నాడు. ఫెర్నావో నూనిజ్ గుర్రాల వ్యాపారి. అతను 1535-37 ప్రాంతంలో, అంటే అచ్యుతదేవరాయల కాలంలో, ఇక్కడ గడిపాడు. వాళ్ళ రాతలు చాలాకాలం మరుగున పడి, 1897లో లిస్బన్‌లో అచ్చయ్యాయి. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన రాబర్ట్ సీవెల్ 1900లో వాటిని ఇంగ్లీషులోకి తెచ్చి తన విజయనగర చరిత్రలో చేర్చాడు.

పేస్ నగరాన్ని రోముతో పోల్చాడు. రాయలు మధ్యస్థమైన ఎత్తు మనిషి అనీ, ముఖాన మశూచి మచ్చలున్నాయనీ రాశాడు. తెల్లవారకముందే నువ్వుల నూనె తాగి, ఒంటికి పట్టించుకుని, కత్తి తిప్పి, కుస్తీ పట్టి, గుర్రపు స్వారీ చేసేవాడట. మన సినిమాల్లోని రాయలకు ఆ మచ్చలుండవు. ఆస్థాన కవి అయితే వాటి సంగతి రాసేవాడా? పరాయివాడికి ఆ మొహమాటం లేదు.

అన్నిటికంటే నన్ను పట్టుకున్నది చెరువు సంగతి. నాగలాపురం, అంటే ఇప్పటి హొసపేట దగ్గర, రెండు కొండల నడుమ రాయలు చెరువు కట్టిస్తున్నాడు. పదిహేను, ఇరవై వేలమంది చీమల్లా పనిచేస్తున్నారనీ, నేల కనబడటం లేదనీ పేస్ రాశాడు. కట్ట రెండు మూడుసార్లు తెగిందట. అప్పుడు అరవైమంది మనుషుల్ని, కొన్ని గుర్రాల్ని, దున్నల్ని బలి ఇచ్చారని కూడా రాశాడు. ఆ చెరువు కింద భూముల్ని బాగుచేసుకోమని రైతులకు తొమ్మిదేళ్ళు పన్ను లేకుండా ఇచ్చారని నూనిజ్ చెబుతాడు. ఆ చెరువు సండూరు కొండల లోయ మొదట్లో ఉండేదని సీవెల్ గుర్తించాడు. అంటే మన కొండలే!

ఇక వాళ్ళు చూడనిది కూడా ఉంది. ఆముక్తమాల్యద రాసిన కవిగా రాయలు వాళ్ళ రాతల్లో కనబడడు. గుర్రాల బేరం, కోటలు, పండుగలు, నగలు కనబడ్డాయి గానీ పద్యం వినబడలేదు. భాష రానివాడికి ఊరు సగమే కనిపిస్తుంది. మట్టి మోసిన ఆ వేలమందిలో ఒక్కరి పేరు కూడా వాళ్ళు అడిగి రాయలేదు. మనవాళ్ళూ రాయలేదు.

పిల్లవాడికి నా జవాబు ఇదీ. రాయలు తెలుగులో కావ్యం రాశాడు, కన్నడంలోనూ శాసనాలు వేయించాడు, తుంగభద్ర ఒడ్డున ఏలాడు. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసినప్పుడు మనం గీత గీసుకున్నాం. ఆయన కాలంలో ఆ గీత లేదు.

మనమూ పనికోసం ఈ గడ్డకు వచ్చినవాళ్ళమే. ముప్ఫై ఏళ్ళుగా ఉంటూ కన్నడం చదవడం రానివాళ్ళు మనలో ఎందరున్నారు? నేనూ ఆ లెక్కలోనే ఉన్నాను. పేస్‌కు తెలుగు రాలేదని ఎత్తిచూపే ముందు నా సంగతి నేను ఒప్పుకోవాలి కదా. అందుకే ఈ నెల నుంచి పక్కింటి మాస్టారి దగ్గర అక్షరాలు దిద్దుతున్నాను.

పెద్దలకు ఒక మనవి. తోరణగల్లు స్టేషన్లో మీరు దిగిన మొదటి రోజు ఏం చూశారో ఒక పేజీ రాసి పెట్టండి. మీతో పాటు పనిచేసినవాళ్ళ పేర్లు కూడా రాయండి. వచ్చే సమావేశంలో పిల్లల చేత చదివిద్దాం.