గాజువాక పాలన: పంచాయతీ నుండి మహానగరం వరకు

గాజువాక నేడు విశాఖ మహానగరంలో ఒక భాగం. మనలో చాలామంది ఉద్యోగాల్లో చేరేనాటికి అది నగరం వెలుపలి పంచాయతీ. ఉద్యోగరీత్యా వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నవాడిగా, ఈ ఊరి పాలన ఎన్ని చేతులు మారిందో మన పిల్లలకు తెలియాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఈ ప్రాంతాన్ని పెంచినవి పరిశ్రమలే. 1941లో సింధియా షిప్‌యార్డుకు శంకుస్థాపన జరిగింది. 1957లో కాల్‌టెక్స్ రిఫైనరీ, 1966లో బి.హెచ్.పి.వి. వచ్చాయి. ప్రాణత్యాగాలతో సాధించుకున్న ఉక్కు కర్మాగారానికి 1971 జనవరి 20న శ్రీమతి ఇందిరాగాంధీ పునాదిరాయి వేశారు. దానికోసం 64 గ్రామాలవారు భూములిచ్చారు. వడ్లపూడి, అగనంపూడి, పెదగంట్యాడల్లో నిర్వాసితుల కాలనీలు వెలిశాయి. ఊరు పోయినవారూ, ఉద్యోగానికి వచ్చినవారూ ఇరుగుపొరుగులయ్యారు.

జనం పెరిగేసరికి పంచాయతీ చాలలేదు; గాజువాక పురపాలక సంఘమైంది. 2001 జనాభా లెక్కలనాటికి ఇక్కడ సుమారు రెండున్నర లక్షలమంది ఉన్నారు. 2005 నవంబరులో ఈ పురపాలక సంఘాన్నీ, మరి 32 గ్రామాలనూ కలిపి మహా విశాఖ నగరపాలక సంస్థను ఏర్పరచారు. మనకంటూ ఉన్న చైర్మన్, కౌన్సిల్ పోయి, 72 వార్డుల మహానగరంలో కొన్ని వార్డులమయ్యాం. గాజువాకకు జోనల్ కార్యాలయం మిగిలింది.

2007లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2012లో తీరింది. మళ్లీ ఎన్నికలు 2021 మార్చిలో, 98 వార్డులకు జరిగాయి. నడుమ తొమ్మిదేళ్లు ప్రత్యేకాధికారుల పాలనే. ఐదేళ్ల గడువు ముగియకముందే ఎన్నిక జరపాలని 1993 జూన్ 1 నుండి అమలులోకి వచ్చిన రాజ్యాంగ 74వ సవరణ స్పష్టంగా చెబుతోంది. అధికారులు సమర్థులే కావచ్చు. కాని పన్ను ఎంత, రోడ్డు ముందు ఏ వీధికి అన్నది సభలో నిలదీసి అడగడానికి మనం ఎన్నుకున్న మనిషి ఉండాలి. మంచినీటికి, పెద్ద రోడ్లకు మహానగరం కావాలి. మన వీధి కాలువకు మన వార్డు సభ్యుడు కావాలి. ఒకటి వచ్చిందని రెండోది వదులుకోనక్కరలేదు.

విశ్రాంత మిత్రులకు నా మనవి ఒక్కటే. పింఛను బకాయిలకోసం కలసికట్టుగా అర్జీలు పెట్టుకున్నవాళ్లం మనం. సకాలంలో స్థానిక ఎన్నికలు జరగాలని కూడా అలాగే అడుగుదాం. తీరిక మనకుంది, అనుభవమూ ఉంది.

— ఒక విశ్రాంత ఉద్యోగి, గాజువాక