ఏమీ వేయని మడి



పెరట్లో నాలుగు వంగ మొక్కలు, రెండు బెండ సాళ్లు పెంచుకునే ప్రతివారికీ ఒక సందేహం వస్తుంది. దేనికి ఏం వేయాలి? పశువుల ఎరువును మించింది లేదని ఒకరంటారు. వేరుశెనగ పిండి నానబెట్టి పోయమని ఇంకొకరంటారు. కొట్టులో అడిగితే యూరియా చేతికిస్తారు. నారు వేళ్లను సూక్ష్మజీవుల ఎరువులో ముంచి నాటమని వ్యవసాయ శాఖవారు చెబుతారు. ఎవరి మాట విన్నా నిజమే అనిపిస్తుంది. ఏది ఎంత నిజమో తేల్చుకునే పద్ధతిని మనుషులు ఎలా నేర్చుకున్నారో ఈనాటి ప్రసంగంలో చెప్పుకుందాం.

మొక్కకు మేత పెట్టాలన్న తెలివి మనకు కొత్తది కాదు. మనం ఎరువు అంటాం, తమిళులు ఎరు అంటారు. మన గానుగ పిండి వాళ్లకు పుణ్ణాక్కు, కన్నడిగులకు హిండి. సురపాలుడు సంస్కృతంలో రాసిన ‘వృక్షాయుర్వేదం’ సుమారు వెయ్యేళ్ల నాటిదని పండితులు చెబుతారు. దాన్ని సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ 1996లో ఇంగ్లీషు అనువాదంతో ప్రచురించింది. అందులో కుణపజలం అనే ద్రవపు ఎరువు ఉంది. మాంసం, కొవ్వు ఉడికించి, నువ్వుల పిండి, తేనె, మినుములు వంటివి చేర్చి మురగబెట్టి పోస్తారు. ఎలా తయారు చేయాలో అక్కడ వివరంగా ఉంది. కాని, అది పోసిన మొక్క పక్కన పోయని మొక్క ఎలా పెరిగిందన్న లెక్క లేదు. ఆ లెక్క రావడానికి చాలా కాలం పట్టింది.

1840లో జర్మనీలో లీబిగ్ అనే రసాయన శాస్త్రవేత్త, మొక్కకు నేలలోంచి కావలసినవి ఖనిజ లవణాలేనని గట్టిగా వాదించాడు. నత్రజని గాలి నుంచీ వాన నుంచీ చాలినంత వస్తుంది, వేరే వేయనక్కర లేదన్నాడు. ఇంగ్లండులో రోథంస్టెడ్ అనే చోట లాస్, గిల్బర్ట్ అనే ఇద్దరు ఈ వాదాన్ని మాటలతో కాక మడులతో పరీక్షించారు. 1843లో ఒక గోధుమ పొలాన్ని మడులుగా విడదీశారు. ఒకదానికి పశువుల ఎరువు. కొన్నిటికి లవణాలు మాత్రమే. కొన్నిటికి లవణాలతో పాటు నత్రజని. ఒక మడికి మాత్రం ఏమీ వేయలేదు.

ఆ వట్టి మడే అసలైన గురువు. దాని పక్కన పెట్టి చూస్తే, నత్రజని లేని లవణాలతో దిగుబడి పెద్దగా పెరగలేదని తేలింది. లీబిగ్ మాట ఆ విషయంలో నిలవలేదు. పశువుల ఎరువు వేసిన మడీ, అన్ని లవణాలూ సరిపాళ్లలో వేసిన మడీ దశాబ్దాల పాటు ఇంచుమించు సమానంగా పండాయి. కాని పశువుల ఎరువు పడిన నేలలో సేంద్రియ పదార్థం రెట్టింపుకు పైగా పెరిగింది. అంటే పంట ఒక్కటే చూస్తే ఒక జవాబు, నేలను కూడా చూస్తే ఇంకొక జవాబు. ఆ పొలం ఇప్పటికీ అలాగే సాగవుతోంది.

ఇక వేళ్ల సంగతి. చిక్కుడు, అలసంద జాతి పంటలు నత్రజని వేయకపోయినా బాగా పెరుగుతాయి, పైగా నేలను బాగుచేస్తాయి. ఇది రైతులందరికీ తెలిసినా కారణం ఎవరికీ తెలియదు. రోథంస్టెడ్ వారు 1857, 58 సంవత్సరాల్లో ఎంతో జాగ్రత్తగా పరీక్షించి, ఆ మొక్కలు గాలిలోని నత్రజనిని తీసుకోవడం లేదని తేల్చారు. తప్పు ఎక్కడ జరిగిందంటే, మట్టిలో ఇంకేమీ కలవకూడదని ముందుగా దాన్ని కాల్చారు. దాంతో అసలు పని చేసే ప్రాణులే చచ్చిపోయాయి. 1886లో జర్మనీలో హెల్‌రీగెల్, తన సహచరుడు విల్‌ఫార్త్‌తో కలిసి చేసిన ప్రయోగంలో గుట్టు బయటపడింది. శుద్ధమైన ఇసుకలో నాటిన బఠాణీ నత్రజని లేక నీరసించింది. అదే ఇసుకలో పొలం మట్టి కలిపిన నీళ్లు కాసిని పోస్తే, వేళ్లకు బుడిపెలు కట్టి నవనవలాడింది. ఓట్లు అనే ధాన్యానికి మాత్రం ఆ నీళ్ల వల్ల లాభం లేకపోయింది. రెండేళ్లకు బైయరింక్ ఆ బుడిపెల్లోని సూక్ష్మజీవిని వేరు చేశాడు. 1896 నాటికి దాన్ని సీసాల్లో అమ్మడం మొదలైంది. ఈనాడు మనం కొనే రైజోబియం పొట్లానికి అదే పూర్వీకుడు. అయితే ఒక పంటకు పనికొచ్చే రకం ఇంకొక పంటకు పనికిరాకపోవచ్చు. చిక్కుడు పొట్లం వంగకు వేసి ఫలితం లేదంటే తప్పు పొట్లానిది కాదు.

మన దేశానికి వద్దాం. 1889లో వోల్కర్ అనే శాస్త్రవేత్తను మన వ్యవసాయాన్ని పరిశీలించడానికి ప్రభుత్వం పిలిపించింది. 1893లో వెలువడిన ఆయన నివేదిక మన రైతును తెలివితక్కువవాడనలేదు. వంటచెరకు లేక పేడను పిడకలు చేసి కాల్చడం వల్ల నేలకు చేరవలసింది పొయ్యిలో బూడిదవుతోందని చెప్పింది. 1906లో తెలుగువారు తరతరాలుగా ఉంటున్న ఉత్తర ఆర్కాటు సీమలో, రాణిపేటలో సూపర్ ఫాస్ఫేటు కర్మాగారం వెలిసింది. 1909లో కోయంబత్తూరులో, రోథంస్టెడ్ పద్ధతిలోనే శాశ్వత ఎరువుల ప్రయోగ మడులు వేశారు. అక్కడ కూడా ఏమీ వేయని మడి ఉంది.

ఈ పద్ధతిని తప్పుపట్టినవారూ లేకపోలేదు. 1924 నుంచి 1931 వరకు ఇందూరులో పనిచేసిన ఆల్బర్ట్ హోవార్డ్, చెత్త, పేడ, పశువుల మూత్రం తడిసిన మన్ను, బూడిద పొరలుగా వేసి, తిరగేస్తూ మూడు నెలల్లో కంపోస్టు చేసే విధానాన్ని రూపొందించాడు. చిన్న మడి తన విత్తనం మీద, తన పశువు మీద బతకదు గనుక దాని సాక్ష్యం అసంపూర్ణమని ఆయన వాదం. అందులో న్యాయం ఉంది. ఏళ్ల తరబడి నేల ఏమవుతోందో చూడకుండా ఒక్క పంటతో తీర్పు చెప్పకూడదు.

ఇప్పుడు మీ పెరటికి. నత్రజని బాగా చివికిన పశువుల ఎరువులో నూటికి సుమారు అర పాలు, వేరుశెనగ పిండిలో ఏడు పాళ్లు, యూరియాలో 46 పాళ్లు. కనుక దోసెడుకు దోసెడు పోల్చడం న్యాయం కాదు. పచ్చి పిండి మొదట్లో కుప్పగా వేస్తే వేళ్లు మాడతాయి. ఒకే మట్టి నింపిన కుండీలు పన్నెండు తీసుకోండి. ఒకే నారుమడిలోని వంగ నారు ఒకే రోజు నాటండి. మూడింటికి ఏమీ వేయకండి. మూడింటికి చివికిన ఎరువు, మూడింటికి అదే ఎరువుతో కొంచెం వేప పిండి. చివరి మూడింటికి అదే ఎరువు వేసి, నారు వేళ్లను అజోస్పైరిల్లం కలిపిన నీళ్లలో అరగంట ముంచి నాటండి. మూడేసి ఎందుకంటే, ఒక్క మొక్క సాక్ష్యం చాలదు. కుండీలను వరసగా కాక కలగలిపి పెట్టండి, ఎండ అన్నిటికీ సమంగా అందుతుంది. కోసిన కాయలు తూచి పిల్లల చేత నోటుబుక్కులో రాయించండి.

వేలు ముంచినందుకు లాభమేమీ కనిపించకపోతే అది కూడా జవాబే. మీ మట్టిలో ఆ ప్రాణులు ముందే ఉన్నాయేమో, పొట్లం ఎండలో ఉండి చచ్చిందేమో. ఏమీ వేయని కుండీలే బాగా కాస్తే ఆ ఏడాది ఎరువు డబ్బు మిగిలినట్టు. ఎవరేం అమ్మజూపినా మీరు అడగవలసిన ప్రశ్న ఒక్కటే. దీని పక్కన ఏమీ వేయని మొక్క ఎలా ఉంది?